ఇంటికో జనరేటరా? ముందు ఊరి నీళ్ళ ట్యాంకు సంగతి చూద్దాం

అక్టోబరు దగ్గర పడుతోందంటే మా ఉద్దానం వైపు రెండే కబుర్లు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఎక్కడ పుట్టింది, ఎటు నడుస్తోంది అనేది పాత కబురు. నాలుగైదేళ్ళుగా దానికి ఇంకొకటి తోడైంది. ఫలానా వాళ్ళు జనరేటర్ కొన్నారట, మనమూ కొందామా అని. పలాస నుంచి వచ్చే ఆటో వెనకాల పెద్ద అట్టపెట్టె కనిపిస్తే మునుపు టీవీ అనుకునేవాళ్ళం. ఇప్పుడు జనరేటర్ అయినా ఆశ్చర్యం లేదు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో, ఇంకా దూరం గల్ఫ్‌లోనో పని చేసే కొడుకు డబ్బు పంపిస్తాడు. అమ్మానాన్నా చీకట్లో ఉండకూడదని వాడి తాపత్రయం. తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ మిషన్‌ని తాడు లాగి స్టార్ట్ చేయాలి. డెబ్బై ఏళ్ళ ముసలాయన ఆ తాడు ఎన్నిసార్లు లాగగలడో కొట్టువాడు చెప్పడు, కొడుకు అడగడు.

సంఘం సమావేశాలకు వెళ్ళినప్పుడల్లా నన్ను పక్కకు పిలిచి అడుగుతున్నారు, "ఏది కొనమంటావు బావా, ఎన్ని కేవీఏ అయితే సరిపోతుంది?" అని. పదో తరగతితో చదువు ఆపేసి, సాగుతో పాటు కొన్నేళ్ళు మోటార్ల రీవైండింగ్ పని కూడా చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనలో పదింట తొమ్మిది ఇళ్ళకు జనరేటర్ అక్కర్లేదు. కావలసింది ఊరికి ఒకటి. అదీ ముందుగా నీళ్ళ ట్యాంకు దగ్గర.

కరెంటు పోవడం రెండు రకాలు. గాలి వేసింది, ఫీడర్ ట్రిప్ అయింది, ఫ్యూజు పోయింది, లైన్ పని ఉందని ఆపారు. గంట, రెండు గంటలు, మహా అయితే ఒక రాత్రి. ఇది ఏడాది పొడుగునా ఉండేదే. రెండో రకం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌తోనూ, 2018 అక్టోబరు 11న తిత్లీతోనూ చూశాం. స్తంభాలు వరసగా పడుకున్నాయి, తీగలు కొబ్బరి మట్టలతో కలిసి చుట్టుకుపోయాయి. తిత్లీ అప్పుడు ఉద్దానంలో కొన్ని ఊళ్ళకు పది రోజులు దాటినా వెలుగు రాలేదు. ఈ రెంటికీ మందు ఒకటి కాదు. కొట్టువాడు మాత్రం రెంటికీ ఒకే డబ్బా చూపిస్తాడు.

మొదటి రకానికి ఇన్వర్టర్ చాలు. లెక్క చూడండి. మామూలు 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ, 12 వోల్టులది, కాగితం మీద 1800 వాట్ అవర్లు. అందులో నష్టాలు పోగా, బ్యాటరీని పూర్తిగా పీల్చేయకుండా కొంత ఉంచగా, చేతికి వచ్చేది 1200 అనుకుందాం. నాలుగు ఎల్‌ఈడీ బల్బులు 36 వాట్లు, పాతరకం సీలింగు ఫ్యాన్లు రెండు 150 వాట్లు, ఫోన్ల ఛార్జింగు ఒక 20. మొత్తం 200 చిల్లర. అంటే ఆరు గంటల లోపు. అవే ఫ్యాన్లు తీసేసి 30 వాట్లు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే అదే బ్యాటరీ పది గంటలు లాగుతుంది. ఫ్యాను ఒకటి మూడు వేలు అటూఇటూ. పెద్ద బ్యాటరీ కొనే కంటే ఇది మేలు, నెల నెలా బిల్లు కూడా తగ్గుతుంది. ఇన్వర్టర్ కొనేటప్పుడు సైన్ వేవ్ రకమే అడగండి. చవకగా వచ్చే స్క్వేర్ వేవ్ వాటితో ఫ్యాన్లు గుర్రుమంటాయి, మోటార్లు వేడెక్కుతాయి.

ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న మనిషి ఉంటే లెక్క వేరు. అయిదు లీటర్ల కాన్సంట్రేటర్ 300 వాట్లకు పైనే తీసుకుంటుంది, అదీ ఆగకుండా. అలాంటి ఇంటికి ఇన్వర్టరూ కావాలి, దాని వెనక జనరేటరూ కావాలి, ఒక సిలిండరు కూడా పక్కన ఉండాలి. పదింట ఒకటి అన్నది ఇలాంటి ఇళ్ళ గురించే. ఇన్సులిన్ కోసమే జనరేటర్ కొంటామనే వాళ్ళు మాత్రం తొందరపడకండి. వాడుతున్న సీసా నెల రోజుల వరకు మామూలు చల్లదనంలో ఉండొచ్చని డాక్టర్లే చెబుతారు. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ మన అమ్మమ్మల నాటి ఫ్రిజ్జు, తుఫాను రోజులకు అది చాలు. తెరవని సీసాలు నిల్వ ఉంటే ఏం చేయాలో మీ డాక్టరుని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇక రెండో రకం, రోజుల తరబడి చీకటి. అప్పుడు ఏది లేక ఏడ్చామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఫ్యాను కోసం ఎవరూ ఏడవలేదు, టీవీ కోసం అంతకంటే లేదు. నీళ్ళ కోసం ఏడ్చాం. ట్యాంకు ఎక్కడానికి మోటారు, మోటారుకు కరెంటు. చేతి పంపులు ఎప్పుడో తుప్పు పట్టిపోయాయి, కొన్నిటికి హ్యాండిలే లేదు. కిడ్నీ జబ్బు భయంతో ఏ నీళ్ళు తాగాలో ఆలోచించి తాగే ప్రాంతం మనది. అలాంటి చోట గుంటలో నీళ్ళు కాచి తాగిన ఇళ్ళు ఉన్నాయి. ఆ రోజుల్లో ట్రాక్టరు మీద జనరేటర్ పెట్టుకుని ఊరూరా తిరిగినవాళ్ళు గంట మోటారు తిప్పడానికి నోటికి వచ్చినంత అడిగారు, చందాలు వేసుకుని ఇచ్చాం. ఫోను ఛార్జింగుకు మనిషికి ఇంత అని వసూలు చేసిన కొట్లూ చూశాం.

అప్పుడు ఆ చేదు తిన్నవాళ్ళే ఇప్పుడు ఇంటికో జనరేటర్ అంటున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ కొన్న ఆ రెండు కేవీఏ పెట్రోలు మిషను మీ ఇంటి బోరు మోటారును తిప్పుతుందా అని అడగండి. చాలామందికి తిప్పదు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కదా, రెండు కేవీఏ అంటే పదహారు వందల వాట్లు కదా, సరిపోతుందిలే అనుకుంటారు. నడిచేటప్పుడు సరిపోతుంది. లేచేటప్పుడు మోటారు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ ఒక్క క్షణానికి జనరేటర్ గొంతు పట్టుకున్నట్టు అవుతుంది. ఇంజను మూలుగుతుంది, వోల్టేజి పడిపోతుంది, మోటారు లేవకుండా హుమ్ అంటూ వేడెక్కుతుంది. నాలుగు సార్లు అలా చేస్తే వైండింగు కాలుతుంది. నా దగ్గరకు అలా వచ్చిన మోటార్లు తక్కువేం కాదు. అర హెచ్‌పీ మోటారుకు రెండు, రెండున్నర కేవీఏ, ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌కు కనీసం మూడు, మూడున్నర చూసుకోవాలి. కొనే ముందు మీ మోటారు స్టార్టరు తీసుకెళ్ళి కొట్టులోనే తగిలించి చూపించమనండి. వాడు వాయిదా వేస్తే వచ్చేయండి.

డబ్బు లెక్క ఇంకా చేదు. పేరున్న కంపెనీ మిషను అరవై, డెబ్బై వేలు దాటుతోంది. పేరు లేనివి ముప్ఫై వేలకూ దొరుకుతాయి. వాటిలో వైండింగు రాగిదా అల్యూమినియందా అని అడిగితే అమ్మేవాడికే తెలియదు. కొన్న తరువాత ఖర్చు ఆగదు. చిన్న పెట్రోలు మిషను లీటరుకు ఒకటిన్నర, రెండు యూనిట్లు ఇస్తుంది. లీటరు 109 రూపాయలు అనుకుంటే యూనిట్ 55 నుంచి 70 పడుతుంది. డీజిల్‌ది లీటరుకు రెండున్నర, మూడు యూనిట్లు, అంటే యూనిట్ 32 నుంచి 39. మన ఇంటి బిల్లులో మొదటి 30 యూనిట్లు యూనిట్ 1.90 చొప్పున వస్తాయి. రోజుకు నాలుగు గంటలు ఆ మిషను తిప్పితే పెట్రోలుకే మూడు, నాలుగు వందలు. పది రోజులకు మూడు, నాలుగు వేలు. పైగా తుఫాను రోజుల్లో పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది? రోడ్డు మీద చెట్లు, బంకు దగ్గర బారులు, సగం బంకులకు వాటి కరెంటే లేదు. పోనీ ముందే తెచ్చి ఇంట్లో దాచుకుందామంటే, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పెట్రోలు డబ్బా ఎక్కడ పెడతారు?

ఇదంతా వాయిదాల మీద కొంటున్నారు. వడ్డీ లేదని చెప్పి ప్రాసెసింగ్ అనీ ఇంకేదో అనీ కోసుకుంటున్నారు. జీడిపిక్క ధర పడిపోయి, తిత్లీకి పడిన కొబ్బరి మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పట్టిన ప్రాంతంలో, సంవత్సరానికి పది రోజులు వాడే వస్తువుకు నెల నెలా వాయిదా కట్టడం నాకు మింగుడు పడటం లేదు. మిగతా మూడు వందల యాభై రోజులు అది పశువుల సాలలో గోనె సంచి కప్పుకుని కూర్చుంటుంది. పెట్రోలు కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. తుఫాను నాడు తాడు లాగితే కదలదు. కొన్నవాళ్ళు ఎలాగూ కొన్నారు కాబట్టి చెబుతున్నాను. నెలకు ఒకసారి పదిహేను నిమిషాలు లోడు పెట్టి నడపండి. ఎత్తిపెట్టే ముందు పెట్రోలు కాక్ మూసి, కార్బురేటర్‌లో ఉన్నది అయిపోయి ఆగేదాకా నడిపి అప్పుడు పెట్టండి. ఆయిలు కొలత ప్రతిసారీ చూడండి.

ఖర్చు సంగతి ఎలా ఉన్నా, రెండు విషయాలు ప్రాణాలతో పని. వీటి దగ్గర నేను ఎవరి మాటా వినను.

ఒకటి పొగ. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు అనుకుని పడుకున్నవాళ్ళు లేవరు. వానలో తడుస్తుందని మిషనును వరండాలోకి, అక్కడి నుంచి హాల్లోకి లాక్కొస్తారు. తలుపులు గాలికి కొట్టుకుంటున్నాయని గడియ పెడతారు. ఇంతకంటే ప్రమాదం లేదు. కిటికీ తెరిచి ఉంచాం కదా అంటే కుదరదు. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురు దిక్కుకు పెట్టి, నాలుగు వైపులా తెరిచి ఉన్న రేకు కింద నడపాలి. అలాంటి చోటు మీ ఇంటికి లేకపోతే జనరేటర్ మీ ఇంటికి తగదు, అంతే. వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోలు పోయకండి. ఆపి, చల్లారనిచ్చి పోయండి.

రెండోది, మన లైన్‌మన్ ప్రాణం. కొందరు రెండు వైపులా మగ ప్లగ్గులు బిగించిన వైరు ఒకటి చేసుకుంటున్నారు. ఒక కొస జనరేటర్‌లో, ఇంకో కొస గోడ సాకెట్‌లో. ఇల్లంతా వెలుగుతుంది, ఎంత తెలివైనవాడినో అనుకుంటాడు. మెయిన్ దించడం ఒక్కసారి మరిచాడో, ఆ కరెంటు మీటరు దాటి స్తంభం ఎక్కుతుంది. తెగిన లైన్ ముక్క మీద ఆ ఇల్లూ ట్రాన్స్‌ఫార్మరూ మాత్రమే మిగిలి ఉంటే ఇంకా ఘోరం. ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియదు. 11 వేల వోల్టులను 230 చేసి మనకు ఇచ్చే అదే డబ్బా, ఇటు నుంచి 230 ఎక్కిస్తే అటు వేల వోల్టులు పుట్టిస్తుంది. లైను చచ్చి ఉందనుకుని పట్టుకున్నవాడు బతకడు.

ఆ పట్టుకునేవాడు ఎవరు? సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌గా చేరిన మన ఊరి కుర్రాడు. లేదా కాంట్రాక్టు మీద స్తంభాలు లేపడానికి వచ్చిన కూలీ. తిత్లీ అప్పుడు వేరే జిల్లాల నుంచి వచ్చిన సిబ్బంది రాత్రింబవళ్ళు పని చేశారు. వాళ్ళకు ఏ ఇంట్లో జనరేటర్ ఉందో, ఏ గోడకు ఏ వైరు గుచ్చారో ఎలా తెలుస్తుంది? లైన్‌ను ఎర్త్ చేశాకే ఎక్కాలనేది వాళ్ళ నిబంధన. తొందర పెట్టి, "ఇంకా ఎంతసేపు" అని చుట్టూ మూగి, ఆ నిబంధన పాటించే తీరిక లేకుండా చేసేదీ మనమే. మన కరెంటు కోసం స్తంభం ఎక్కినవాణ్ణి మన కరెంటే చంపితే ఆ ఇంటికి ఏం జవాబు చెబుతాం?

దీనికి మందు పెద్ద ఖర్చు కాదు. మీటరు తరువాత రెండు పోళ్ళ చేంజోవర్ స్విచ్చి పెట్టించండి. వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. పిడి పైకి ఉంటే లైను కరెంటు, కిందికి ఉంటే జనరేటర్, మధ్యలో ఏదీ లేదు. రెండూ కలిసే దారే ఉండదు. ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా విడిపోవాలి, అందుకే రెండు పోళ్ళు. "మెయిన్ దించుతాను కదా, చేంజోవర్ ఎందుకు" అనేవాడికి నా సమాధానం ఒక్కటే. చీకట్లో, వానలో, ఇంట్లో పిల్లలు ఏడుస్తుంటే ప్రతిసారీ గుర్తుంటుందని రాసి సంతకం పెట్టగలవా? జనరేటర్ ఒంటికి ఎర్తింగు కూడా మరవొద్దు. రెండు మగ ప్లగ్గుల వైరు ఏ సభ్యుడి ఇంట్లో కనిపించినా దాన్ని అక్కడే కోసేయాలని మన గ్రామ కమిటీలకు నా మనవి. బంధువైనా సరే, సర్పంచి అయినా సరే.

సోలార్ గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది పొరపాటు పడుతున్నారు. కేంద్రం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద పలకలు వేయిస్తోంది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లూ ఆపైన అయితే 78 వేలు సబ్సిడీ. బిల్లు తగ్గించుకోవడానికి మంచిదే. కానీ కరెంటు పోయినప్పుడు ఆ పలకలు మీ ఇంటికి ఒక్క బల్బు కూడా వెలిగించవు. లైన్‌లో కరెంటు లేదని తెలియగానే ఆ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. ఆగకపోతే ఇందాక చెప్పిన లైన్‌మన్ కథే జరుగుతుంది, కాబట్టి అలా ఆగడమే న్యాయం. బ్యాటరీతో ఉండే హైబ్రిడ్ రకం అయితేనే చీకట్లో పని చేస్తుంది, దానికి ఖర్చు వేరే. "సోలార్ పెట్టాం, ఇక తుఫాను వచ్చినా భయం లేదు" అనుకున్న ఇళ్ళు తుఫాను నాడు తెల్లబోతాయి.

తుఫాను కోసమే అయితే ఇంటికి నేను చెప్పేది ఇది. మామూలు ఇన్వర్టర్ బదులు సోలార్ ఇన్వర్టర్ తీసుకుని, మూడు వందల వాట్ల పలక ఒకటి దానికి కలపండి. తుఫాను వెళ్ళిన మర్నాడో మూడో నాడో ఎండ కాస్తుంది. ఒక పలక రోజుకు ఒక యూనిట్ పైచిలుకు ఇస్తుంది. బల్బులు, ఫోన్లు, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లకు అది ధారాళం. శబ్దం లేదు, పొగ లేదు, తాడు లేదు. హెచ్చరిక రాగానే బోల్టులు విప్పి పలకను లోపలికి తెచ్చి మంచం కింద పెట్టుకునేలా బిగించుకోండి. ఇంటి మీదే వదిలేస్తే అది గాలికి ఎగిరి ఎవరి మెడ మీద పడుతుందో తెలియదు.

ఇప్పుడు ఊరి ట్యాంకు దగ్గరకు వద్దాం.

రెండు వందల గడపల ఊరిలో ట్యాంకుకు ఏడున్నర హెచ్‌పీ మోటారు ఉందనుకోండి. రోజుకు రెండు గంటలు తిరిగితే తాగడానికి, వండుకోవడానికి, పశువులకు గడిచిపోతుంది. దాన్ని లేపడానికి హెచ్‌పీకి రెండింతలు, అంటే 15 కేవీఏ కావాలి. కొత్త సెట్టు కొంటే మూడు, నాలుగు లక్షల మాట. పంచాయతీ అంత పెట్టలేదు. కానీ మన ఊళ్ళల్లో ఇంజనులు లేవా? ట్రాక్టర్ లేని ఊరు చూపించండి. ట్రాక్టర్ పీటీవోతో తిరిగే ఆల్టర్నేటర్లు దొరుకుతున్నాయి. సెట్టు ఖరీదులో మూడో వంతుకు అటూఇటూగా వస్తాయి. ఇంజను మనదే, డీజిలూ సాధారణంగా ట్రాక్టర్ యజమాని ఇంట్లో ఉండేదే. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, ఆల్టర్నేటర్‌కు 1500 కావాలి. ఆ తేడా గేర్‌బాక్సుతోనో పుల్లీలతోనో సరిచేసి ఇస్తారు. నడిపేటప్పుడు ఒక మనిషి ఫ్రీక్వెన్సీ మీటరు 50 దగ్గర నిలిచేలా థ్రాటిల్ చూసుకుంటూ అక్కడే ఉండాలి. ట్రాక్టర్ తోలే ఏ కుర్రాడైనా ఒక పూటలో నేర్చుకుంటాడు. ట్యాంకు మోటారుది త్రీఫేజు కాబట్టి అక్కడ నాలుగు పోళ్ళ చేంజోవర్ పెట్టాలి. ఫేజుల వరస తప్పితే మోటారు ఉల్టా తిరుగుతుంది, అది తుఫాను ముందే ఒకసారి కలిపి చూసి వైర్లకు గుర్తులు వేసి ఉంచాలి.

రెండు గంటలకు ఆరు లీటర్ల డీజిల్ అనుకోండి, ఆరు వందల రూపాయలు. రెండు వందల ఇళ్ళకు పంచితే ఇంటికి రోజుకు మూడు రూపాయలు. ఇంటి జనరేటర్‌కు రోజూ మూడు, నాలుగు వందలు అని ఇందాక లెక్క వేశాం. ఇంకా ఆలోచించాల్సింది ఏముంది? ఆ రెండు గంటల్లోనే ట్యాంకు దగ్గర ఒక బల్ల వేసి పది ప్లగ్గులు పెడితే ఊరి ఫోన్లన్నీ ఛార్జి అవుతాయి, డబ్బు తీసుకోకుండా.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత, ఉమ్మడి సొమ్మును ఎవడు చూస్తాడు?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. నిజమే, చూసేవాడు లేకపోతే పుచ్చుతుంది. అందుకే తాళం ఎవరి దగ్గర, పుస్తకం ఎవరి దగ్గర, నెలకు ఒకసారి ఎవరు నడుపుతారు అన్నది కొనకముందే తీర్మానంలో రాసుకోవాలి. తాళం ఒక పార్టీవాడి దగ్గర, పుస్తకం ఇంకో పార్టీవాడి దగ్గర ఉంటే ఇంకా మంచిది. గుడి ఉత్సవానికి మైకు సెట్టు, జనరేటర్ మాట్లాడుకోవడం మనకు వచ్చు. లెక్క అణా పైసలతో గోడ మీద రాయడం కూడా వచ్చు. నీళ్ళకు మాత్రం చేతకాదంటే నమ్మను. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి అని కట్టి ఇచ్చే భాగం ఉంటుంది. గ్రామసభలో లేచి దాన్ని అడగాలి, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు చేత అంచనా వేయించాలి. నిధులు ఎటు పోయాయని అడిగితే కోపం వచ్చే సర్పంచులు ఉంటారు. రానివ్వండి.

మన సంఘం లోపలి నుంచే ఇంకో మాట వస్తోంది. "కరెంటు కోసం పోరాడాల్సిన సంఘం జనరేటర్ల గురించి మాట్లాడటం ఏమిటి? మనమే ఏర్పాటు చేసుకుంటే ప్రభుత్వానికి ఇక పట్టింపు ఎందుకుంటుంది?" ఈ మాటలో బలం ఉంది. కరెంటు ఛార్జీల మీద 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమం నుంచి వచ్చిన సంఘాలు మనవి. అందుకే ఇంటింటి జనరేటర్ అంటే నాకు భయం. డబ్బున్న ఇల్లు తన వెలుగు తాను కొనుక్కుంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన రోజు సబ్‌స్టేషన్‌కు వచ్చేవాళ్ళల్లో ఒక మనిషి తగ్గుతాడు. ఊరిలో పది జనరేటర్లు వచ్చాక ఫిర్యాదు చేసే నోళ్ళు పది తగ్గడం నేను చూస్తూనే ఉన్నాను. ట్యాంకు దగ్గర ఉమ్మడిది అలా కాదు. దాని కోసం కూడా నలుగురు కలవాలి.

అడిగే హక్కు మాత్రం కాగితం మీద గట్టిగానే ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 24 గంటల సరఫరా ఇవ్వడం పంపిణీ సంస్థల బాధ్యత. వ్యవసాయం లాంటి కొన్ని తరగతులకు గంటలు తగ్గించే వీలును కమిషన్‌కు ఇచ్చారు గానీ ఇంటి కనెక్షన్‌కు కోత న్యాయం కాదు. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని మన రాష్ట్ర నియంత్రణ మండలి పనితీరు ప్రమాణాల్లో ఉంది. మార్చకపోతే పరిహారం ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. తుఫాను లాంటి విపత్తుల్లో ఈ గడువులకు మినహాయింపు ఉంటుంది, అది ఒప్పుకుందాం. మామూలు రోజుల్లో మాత్రం ఆ పరిహారం తీసుకున్న రైతు మన మండలంలో ఒక్కడున్నాడా? కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మన ట్రాక్టరు మీద మనమే మోసుకెళ్ళి, దింపడానికీ ఎక్కించడానికీ చందా వేసుకుని, టీ ఖర్చులూ పెట్టుకుని తెచ్చుకుంటున్నాం. మోయడం మానమని చెప్పను, పంట ఎండుతుంటే ఎవరూ ఆగరు. మోసే ముందు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, తేదీ, గంట రాసుకోండి. నంబరు లేకపోతే 48 గంటలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? నంబర్లు పది పోగైతే వినియోగదారుల ఫోరంకు సంఘం తరఫున వెళదాం.

హుద్‌హుద్ తరువాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖపట్నంలో కొన్ని ప్రాంతాలకు తీగలు భూమిలో వేశారు. మంచి పని. మా వైపు తిత్లీకి పడిన స్తంభం చోట మళ్ళీ స్తంభమే లేచింది, కొబ్బరి చెట్ల నడుమ అదే వట్టి తీగతో. ఊరి మొత్తానికీ భూమిలో వేయమని అడగడం లేదు. తోటల మధ్య నుంచి పోయే లైన్లకైనా తొడుగు ఉన్న కేబులు వేయండి, నీళ్ళ ట్యాంకుకు, ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే లైన్‌ను ముందుగా నిలబెట్టే పద్ధతి రాసి పెట్టండి అని అడుగుతున్నాం. ఇంధన సర్దుబాటు ఛార్జీలు నెల నెలా బిల్లులో వేసి వసూలు చేసేవాళ్ళకు ఇది అడగడం అన్యాయం కాదు.

మా మండల కమిటీ సమావేశం ఈ నెల ఆఖరి ఆదివారం పెట్టుకుంటున్నాం. అరువు తెచ్చిన ట్రాక్టర్ ఆల్టర్నేటర్‌ను ఒక ఊరి ట్యాంకు మోటారుకు కలిపి అందరి ముందూ తిప్పి చూస్తాం. ఎంత డీజిల్ తాగిందో కొలిచి వచ్చే సంచికలో రాస్తాను. వచ్చేవాళ్ళు మీ ఊరి ట్యాంకు మోటారు నేమ్‌ప్లేటు ఫోనుతో ఫోటో తీసుకుని రండి. హెచ్‌పీ, ఆంపియర్లు, స్టార్టరు ఏ రకమో అందులో కనపడాలి. ప్లేటు తుప్పు పట్టి చదవరాకపోతే పంచాయతీ వాటర్‌మన్‌ను వెంట తీసుకురండి, ఆయనకు తెలుస్తుంది.